టవర్ మీది ఎర్ర దీపం, రత్నం గారి తలనొప్పి

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు రాజమండ్రిలో మా ఇంటికి వస్తుంటారు. "ఫీల్డ్‌లో పని ఎలా ఉంటుంది మేడమ్?" అని అడుగుతారు. వాళ్లు యంత్రాల గురించి అడుగుతున్నామనుకుంటారు. నేను మనుషుల గురించి మొదలుపెడతాను. కాసేపు మర్యాదగా విని, కాఫీ తాగి, కాస్త నిరాశగా వెళ్లిపోతారు. ప్రతిసారీ ఇంత చెప్పేకంటే ఒక్కసారి రాసిపెట్టుకుంటే మేలనిపించింది.

ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు వదిలేస్తున్నాను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా ఆలస్యమవుతాయి. నా శాలువాలు ఎవరికైనా కావాలంటే ఇంటికి వచ్చి తీసుకెళ్లవచ్చు.

కొలిచే పని

టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా చేరిన నేను, ఉద్యోగం చివరి భాగమంతా గాలిని కొలిచాను. ఎవరి ఇంటి పక్కనైనా సెల్ టవర్ లేస్తుంది. దానివల్ల ఆరోగ్యం పాడవుతోందని వాళ్లు అర్జీ పెడతారు. మేము మీటరు పట్టుకుని వెళ్లి, అక్కడ తరంగాలు ఎంత బలంగా ఉన్నాయో చూసి, ప్రభుత్వం పెట్టిన పరిమితికి లోపల ఉన్నాయో, దాటాయో చెప్పాలి. తూనికలు కొలతల వాళ్లు కిరాణా కొట్లో కాటా చూడటం లాంటిదే. కాకపోతే కందిపప్పు కంటికి కనిపిస్తుంది.

ఒకసారి ఒకే ఇంటి నుంచి రెండు అర్జీలు వచ్చాయి. టవర్ వల్ల నిద్ర పట్టడం లేదు, తీయించండని మామగారు. సిగ్నల్ అందక ఇంటి నుంచి చేసే ఉద్యోగం పోయేలా ఉంది, ఇంకో టవర్ వేయించండని కోడలు. మా పెద్దాఫీసరు గారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివి, "ముందు వాళ్లిద్దర్నీ మాట్లాడుకోమనండి" అన్నారు. నా సర్వీసులో ఆయన ఇచ్చిన అత్యంత శాస్త్రీయమైన ఆదేశం అదే.

ఆయనకు ఒక సూత్రం ఉండేది. "మనం డాక్టర్లం కాదమ్మా. రీడింగ్ చెప్పాలి, టీ ఇస్తే తాగాలి, వచ్చేయాలి. ఎవరికి ఏ జబ్బు ఉందో మనకెందుకు?" అనేవారు. నియమం ప్రకారం ఆయన మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క ఇబ్బందీ పడలేదు. ఆయన వల్ల ఒక్కరికీ ఉపయోగం కలిగినట్టు కూడా నాకు గుర్తులేదు.

ఇంతకీ ఈ తరంగాలు హాని చేస్తాయా, చేయవా? పెళ్లిళ్లలో, బస్సుల్లో, చివరికి నా పన్ను పీకుతూ డెంటిస్టు గారు కూడా ఇదే అడిగారు. నాకు తెలిసింది చెబుతాను. ఇవి ఎక్స్‌రేల జాతివి కావు. ఒంట్లో అణువులను విరగ్గొట్టేంత శక్తి వీటికి లేదు. చాలా ఎక్కువ మోతాదులో అయితే వేడి పుట్టిస్తాయి. పరిమితులు ఆ మోతాదుకు బాగా కింద పెట్టారు. మన ఇళ్లలో ఉండేది ఆ పరిమితికి ఇంకా కింద. ఏళ్ల తరబడి ఫోను చెవికి ఆనించుకునేవాళ్ల సంగతేమిటన్న ప్రశ్నను మాత్రం పరిశోధకులు పూర్తిగా కట్టిపెట్టలేదు, పెట్టనక్కర్లేదు కూడా. ఇంతవరకూ రోజువారీ వాడకంతో ఫలానా జబ్బు వస్తుందని గట్టిగా తేలలేదు. "తేలలేదు" అన్న మాట ఒకరి చెవికి "లేదు" అని, ఇంకొకరి చెవికి "దాస్తున్నారు" అని వినిపిస్తుంది. ఈ రెండు చెవుల మధ్యే మీ ఉద్యోగం.

ఒక ముచ్చట కూడా చెప్పాలి. టవర్ దూరంగా ఉండి సిగ్నల్ బలహీనంగా ఉంటే, దాన్ని అందుకోవడానికి మన చేతిలో ఫోనే గొంతు పెంచుతుంది. అంటే టవర్‌ని ఎంత దూరం తరిమితే చెవి పక్కన తరంగాలు అంత ఎక్కువ. ఇది నేను ఎన్నో ఊళ్లలో చెప్పాను. ఏ ఊళ్లోనూ రెండో కప్పు టీ ఇవ్వలేదు.

కడియంలో మొక్క

కడియంలో ఒక నర్సరీ ఆసామి మా ఆఫీసుకు ఫోన్ చేసి, పెద్ద సమస్య వచ్చిందని పిలిపించాడు. వెళితే టవర్ సమస్య కాదు. కత్తుల్లా నిటారుగా పెరిగే ఆకుల మొక్కలు కుండీల్లో బారులు తీరి ఉన్నాయి. వాటిని లారీల్లో ఊళ్లకు పంపుతున్నాడు.

"ఈ మొక్క టవర్ రేడియేషన్ లాగేస్తుందని మీ ఆఫీసు తరఫున ఒక సర్టిఫికెట్ ఇప్పిస్తారేమోనండి" అన్నాడు.

"లాగేస్తుందని మీకెలా తెలుసండి?"

"కొన్నవాళ్లు చెబుతున్నారండి."

"కొన్నవాళ్లకు ఎవరు చెప్పారు?"

ఆయన కాస్త ఆలోచించి, "నేనేనండి" అన్నాడు.

మొక్క ముందు మీటరు పెట్టాను. వెనక పెట్టాను. రెండు చోట్లా ఒకటే చూపించింది. ఆయన నొచ్చుకోలేదు. "చిన్న మొక్క కదండీ, ఇంకా పీల్చడం రాలేదు" అన్నాడు. వచ్చేటప్పుడు ఒక మొక్క కారులో పెట్టించాడు. చక్కగా బతికింది. రేడియేషన్‌తో దానికి ఏ సంబంధమూ లేదు గానీ, మంచి మొక్క.

రాజుగారి ఇల్లు

ఆ మొక్కలే నాకు రామభద్రరాజు గారి వరండాలో కనిపించాయి. ఒక వరసలో, కాపలా సిపాయిల్లా.

రామచంద్రపురం దగ్గర, కాలవ గట్టు మీది ఊరు అది. రామభద్రరాజు గారికి వరి చేలు, రొయ్యల చెరువులు ఉన్నాయి. మాట మెత్తన, పట్టుదల గట్టిది. ఆయన ఇంటి వెనక కొబ్బరితోట ఆయన అన్నగారిది. ఆ తోటలో టవర్ వేశారు. అది వచ్చిన దగ్గర్నుంచి తన భార్య రత్నం గారికి తలనొప్పి పట్టుకుందని ఆయన అర్జీ పెట్టారు. వీధి వీధంతా సంతకాలు పెట్టింది. అన్నదమ్ములకు మాటలు లేవు.

నేను డాబా మీద, వరండాలో, పడకగదిలో, మొక్కల ముందు, వెనక కొలిచాను. ఎక్కడ చూసినా పరిమితికి చాలా కిందే ఉంది. రాజుగారు నా భుజం పక్కనే నిలబడి చూస్తున్నారు. ఉన్నట్టుండి ముల్లు ఎగిరింది.

"అదిగో, చూశారా అండి" అన్నారు.

"అది టవర్ కాదండి. మీ జేబులో ఫోను."

అప్పుడే అది మోగింది. ఆయన జేబులోంచి తీసి, ఇంట్లో దొంగతనం చేసి దొరికిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని కాసేపు చూశారు. తర్వాత రెండో జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు లోపలి గదిలోంచి రత్నం గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. నుదుటికి గుడ్డ కట్టుకుని ఉన్నారు. ఎడమ కన్ను కొద్దిగా ఎర్రగా ఉంది.

"మీ మీటరు సంగతి నాకు తెలీదండి" అన్నారు నెమ్మదిగా. "నాకు మాత్రం ఆ రేడియేషన్ కంటికి కనిపిస్తుంది."

ఇలాంటి మాట నేను అంతకుముందు వినలేదు. ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాను.

"ఎలా కనిపిస్తుందండి?"

"పొద్దు గుంకేవేళ టవర్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది కదండీ. దాని చుట్టూ రంగులు. ఇంద్రధనస్సును చుట్టలా చుట్టినట్టు ఉంటాయి. అవి కనిపించిన రోజు తలలో ఈ సగం పగిలిపోతుంది. కన్ను లోపలికి లాగేస్తుంది. ఒక్కోసారి వాంతి కూడానండి. పడుకుని లేస్తే పోతుంది."

"మా ఆవిడకి కనిపిస్తుందండి. ఇంకెవరికీ కనిపించదు" అన్నారు రాజుగారు. ఆ గొంతులో బాధ ఉంది, కొంత గర్వం కూడా ఉంది. తర్వాత తెలిసింది, సాయంత్రమైతే వీధిలో ఆడవాళ్లు గోడ దగ్గరికి వచ్చి "ఇవాళ ఎంత ఉందండి రత్నం గారూ?" అని అడిగి వెళ్లేవారట. ఎక్కువుందంటే పిల్లల్ని లోపలికి పిలిచేసేవారు. ప్రభుత్వం నాకిచ్చిన మీటరుకు నా సర్వీసు మొత్తంలో అంత గౌరవం దక్కలేదు.

నాకు నవ్వు రాలేదు. మా అత్తగారు ఒకప్పుడు వీధి దీపాల చుట్టూ రంగులు కనిపిస్తున్నాయని చెబుతుంటే, దసరా దీపాలనుకుంటోందని ఇంట్లో అందరూ నవ్వారు. అవి నీటికాసులని తెలిసేసరికి ఆవిడకు ఒక కన్ను పోయింది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని నొక్కేసే జబ్బు అది.

"ఆ రంగులు టవర్ దీపం చుట్టూనేనా, వేరే దీపాల చుట్టూ కూడా వస్తాయా?" అని అడిగాను.

ఆవిడ ఆలోచించారు. "వీధి దీపానికీ ఉంటాయండి. వంటింట్లో బల్బుకీ ఉంటాయి."

"అంతా పాకిపోయింది కదండీ" అన్నారు రాజుగారు.

"ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి. ఆలస్యం చేయకండి. ఇది టవర్ కోసం చెప్పడం లేదండి, మా అత్తగారికి అచ్చం ఇలాగే మొదలైంది" అన్నాను.

రాజుగారి ముఖం మారిపోయింది. మర్యాద మాత్రం మారలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నారు. గోదావరి జిల్లాల్లో ఉద్యోగం చేయబోయేవాళ్లు ఈ "ఆయ్, అలాగేనండి"ని బాగా వినడం నేర్చుకోవాలి. అవునని అర్థమిచ్చేది ఒకటుంటుంది, ఇక దయచేయమని అర్థమిచ్చేది ఒకటుంటుంది. ఇది రెండోది.

గుమ్మం దాకా వచ్చి ఆయనే అన్నారు: "అంటే మా ఆవిడకి కళ్లు సరిలేక టవర్ మీద పడిందంటారు. రిపోర్టులో అలా రాస్తే మీకూ బాగుంటుంది, కంపెనీకీ బాగుంటుంది."

పంచాయతీ ఆఫీసులో

కొన్నాళ్లకు ఊళ్లో సభ పెట్టారు. టవర్ కంపెనీ ఒక ఇంజనీరును పంపింది. తెలివైన కుర్రాడు, విషయం బాగా తెలుసు. గోడ మీద బొమ్మలు వేసి, లెక్కలు చూపించి, ఇక్కడ ఉన్నది పరిమితిలో ఎంతో చిన్న వంతు మాత్రమేనని చెప్పాడు.

ముందు వరసలో ఒక పెద్దాయన లేచారు. "వంతు అంటున్నారు. అంటే ఉన్నట్టే కదండీ?"

"ఉందండి. కానీ హాని చేసేంత లేదు."

"లేదని కాగితం రాసిస్తారా?"

"ఏ శాస్త్రవేత్తా అసలు లేదని రాసివ్వలేడండి. హాని ఉన్నట్టు రుజువు లేదని..."

"రాసివ్వలేరంట" అన్నారు పెద్దాయన, వెనక్కి తిరిగి. సభ అక్కడితో ముగిసిపోయింది. ఆ తర్వాత గంటసేపు జరిగింది కేవలం బిస్కెట్ల కోసం.

ఆ కుర్రాడు ఒక్క అబద్ధం చెప్పలేదు. అతను చేసిన పొరపాటు వేరే. భయపడుతున్నవాళ్లకు లెక్క చెప్పాడు. ముందు ఎవరికి ఏమవుతోందో అడగలేదు. ఊళ్లో తలనొప్పి ఉన్న మనిషి ఒకావిడ ఉందని, ఆవిడ ఆ సభకు రాలేదని కూడా అతను గమనించలేదు.

రాజుగారు గమనించారు. లేచి, "వచ్చిన ఆఫీసరమ్మ గారు ఏమన్నారో తెలుసా అండి? మా ఆవిడని కళ్లు చూపించుకోమన్నారు" అన్నారు. జనం నవ్వారు. నేను లేచి, "ఇప్పుడూ అదే అంటున్నానండి. టవర్ ఉంచండి, తీయండి, మీ ఇష్టం. ఆవిడని మాత్రం చూపించండి" అన్నాను. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. మంచి సలహా కూడా, దానివల్ల లాభపడేవాడిలా కనిపించే మనిషి నోట్లోంచి వస్తే లంచం వాసన వేస్తుంది. ఆ వాసన పోగొట్టే మీటరు ఇంకా రాలేదు.

సభ అయ్యాక కొబ్బరితోటలో కొలతలు తీయడానికి వెళ్లాను. తోట యజమాని భార్య, అంటే రత్నం గారి తోటికోడలు అనంతలక్ష్మి గారు, కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చారు. ఆవిడ అడిగింది టవర్ గురించి కాదు.

"మా రత్నాన్ని చూశారా అండి? ఎలా ఉంది?"

చూసింది, అనుమానపడింది అంతా చెప్పాను. ఆవిడ వింటూ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు.

"ఒకే పందిట్లో పెళ్లయి కాపురానికి వచ్చామండి ఇద్దరం. ఇప్పుడు గోడ దగ్గర ఎదురైనా లోపలికి వెళ్లిపోతుంది. నేను చెబితే అస్సలు వినదు. టవర్ మాది కదా."

"అయితే చెప్పకండి. కుదిరిన రోజున తీసుకెళ్లిపోండి" అన్నాను. అది నా ఉద్యోగ పరిధిలోకి వచ్చే మాట కాదు. పెద్దాఫీసరు గారు వింటే నన్ను టీ కూడా తాగవద్దనేవారు.

చీకటి గది

ఈలోగా రాజుగారు భార్యను కాపాడుకోవడానికి తనకు తోచిందంతా చేశారు. పడకగది కిటికీలు మూయించి రేకులు కొట్టించారు. వాటి మీద దళసరి తెరలు వేయించారు. వంట మనిషిని పెట్టి, రత్నం గారు రోజులో ఎక్కువ భాగం ఆ గదిలోనే ఉండేలా చూశారు. దీపం కూడా వేయనిచ్చేవారు కాదు. నొప్పి పెరిగింది. నొప్పి పెరిగినకొద్దీ టవర్ మీద ఆయన కోపం పెరిగింది, కోపం పెరిగినకొద్దీ గది ఇంకా చీకటైంది.

ఒకరోజు సాయంత్రం ఆయన ఊరివాళ్లతో కలిసి కలెక్టరు గారికి అర్జీ ఇవ్వడానికి వెళ్లారు. ఆయన అక్కడ భార్య తలనొప్పి గురించి మాట్లాడుతున్న సమయంలోనే ఇక్కడ ఆవిడకు నొప్పి ముంచుకొచ్చింది. ఎడమ కన్ను రాయిలా బిగుసుకుపోయింది. వాంతులు. తడుముకుంటూ ఫోను అందుకుని భర్తకు చేస్తే, కలెక్టరాఫీసులో ఉన్నారు కాబట్టి ఆయన ఫోను ఆపేసి ఉంది. అప్పుడు ఆవిడ ఎన్నాళ్లుగానో చేయని నంబరుకు చేశారు. వెంటనే కలిసింది. ఆ వీధిలో సిగ్నల్‌కు మాత్రం ఏ లోటూ ఉండేది కాదు.

"అక్కా, నాకు కన్ను కనబడటం లేదు" అన్నారట. అంతే.

అనంతలక్ష్మి గారు చెప్పుల్లేకుండానే పరుగెత్తారు. తోటికోడల్ని కారెక్కించి రాజమండ్రిలో కంటి ఆసుపత్రికి తీసుకొచ్చేశారు. దారిలో నాకు ఫోన్ చేస్తే నేనూ వెళ్లాను.

డాక్టరు గారు చూసి, నీటికాసులే అన్నారు. మందులతో ముందు ఒత్తిడి దించి, తర్వాత రెండు కళ్లకూ లేజర్ చేశారు. కుడి కన్ను పూర్తిగా దక్కింది. ఎడమ కంటికి చెవి వైపు చూపు అప్పటికే పోయింది. అది తిరిగి రాదని చెప్పారు.

రాజుగారు ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు గారు అనంతలక్ష్మి గారితో మాట్లాడుతున్నారు. ఆయన వెనకే నిలబడిపోయారు.

"ఈమె ఎక్కువగా చీకట్లో ఉంటారా అండి?" అని అడిగారు డాక్టరు.

"అవునండి. గది మూసేసి ఉంచుతారు."

"అది మంచిది కాదు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. ఈమె కంట్లో నీరు బయటికి పోయే దారి పుట్టుకతోనే ఇరుకు. పాప పెద్దదైతే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే సాయంత్రాలు నొప్పి వచ్చేది. నిద్రలో పాప మళ్లీ చిన్నదవుతుంది కాబట్టి పడుకుంటే తగ్గేది. ఈ మధ్య తగ్గే అవకాశమే లేకుండా పోయింది."

అనంతలక్ష్మి గారు వెనక్కి తిరిగి మరిదిని చూశారు. ఆయన ఆ చూపు తప్పించి, "డాక్టరు గారూ, టవర్ రేడియేషన్ వల్ల నీటికాసులు వస్తాయా అండి?" అని అడిగారు.

"అలా అని ఎక్కడా తేలలేదండి" అన్నారు డాక్టరు.

రాజుగారు తల ఊపారు. ఆయన ఆ మాటను ఏ చెవితో విన్నారో నాకు అప్పుడే అర్థమైంది.

విజయోత్సవం

టవర్‌ని తీసేశారు. నా రీడింగ్‌లన్నీ పరిమితి లోపలే ఉన్నాయి గానీ, రీడింగ్‌లకు ఓటు ఉండదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, కంపెనీకి తలనొప్పి ఎందుకనిపించింది. వాళ్లకు కూడా తలనొప్పి రావచ్చునని మేము గుర్తించాల్సింది.

రత్నం గారు ఆసుపత్రి నుంచి ఇంటికి రావడం, టవర్ దిగిపోవడం ఇంచుమించు ఒకే రోజుల్లో జరిగాయి. ఊరికి ఇంకేం కావాలి? టవర్ పోయింది, ఆవిడ తలనొప్పి పోయింది, రంగులు పోయాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి పోరాటం ఎలా చేయాలో రాజుగారిని అడిగి తెలుసుకున్నారు. వాళ్ల అర్జీలన్నీ నా బల్ల మీదికే వచ్చాయి. ప్రతి అర్జీలోనూ రత్నం గారి తలనొప్పే సాక్ష్యం. నీటికాసుల సంగతి ఒక్కరూ రాయలేదు.

తర్వాత ఆ వీధిలో జనం ఫోను మాట్లాడాలంటే డాబా ఎక్కడం మొదలుపెట్టారు. ఒకసారి పని మీద వెళ్లి, ఒకాయన చెవికి ఫోను నొక్కిపెట్టుకుని అరుస్తుంటే పక్కన మీటరు పెట్టి చూశాను. పాత రోజుల్లో ఆ వీధిలో టవర్ నుంచి వచ్చినదానికంటే బాగా ఎక్కువ చూపించింది. అదీ పరిమితి లోపలే, భయపడాల్సిందేమీ లేదు. ఆయనకు చూపిస్తే, "పాత టవర్ ప్రభావం ఇంకా పోలేదన్నమాట" అన్నారు.

కొన్నాళ్లకు రాజుగారే మా ఆఫీసుకు వచ్చారు. రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే మోటార్లను ఆయన ఫోను నుంచే ఆపరేట్ చేస్తారు. సిగ్నల్ అందక అవి ఆగిపోతున్నాయట. చెరువుల దగ్గర ఒక టవర్ వేయించాలని అర్జీ తెచ్చారు.

"అక్కడ మీ రొయ్యలకు ఇబ్బంది కాదాండి?" అన్నాను.

ఆయన నా ముఖం చూశారు. వెటకారం అర్థం కాని మనిషి కాదు. "మరేనండి" అని తల వంచుకుని, "చెరువుల దగ్గర మనుషులుండరు కదండీ" అన్నారు. ఎందుకో నాకు ఆ క్షణంలో గెలిచినట్టు అనిపించలేదు. కుర్చీలో కూర్చున్న ఆ మనిషి అంతకుముందుకంటే చిన్నగా కనిపించారు. అర్జీ తీసుకున్నాను.

రత్నం గారు చెప్పింది

ఆ స్థలం చూడటానికి వెళ్లినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. కిటికీల రేకులు తీసేసి ఉన్నాయి. వరండాలో తోటికోడళ్లిద్దరూ కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు. అనంతలక్ష్మి గారు కత్తితో కొడుతుంటే రత్నం గారు పళ్లెంలోకి ఎత్తుతున్నారు. నేను ఎడమ వైపు నుంచి వెళ్లాను. దగ్గరికి వచ్చేదాకా ఆవిడ నన్ను చూడలేదు. చూడటానికి ముఖం మొత్తం తిప్పవలసి వచ్చింది.

అనంతలక్ష్మి గారు కాఫీ కోసం లోపలికి వెళ్లారు. నేను మనసులో ఉన్నది అడిగేశాను.

"రత్నం గారూ, టవర్ తీయడం వల్లే మీకు తగ్గిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. మీరు చుక్కల మందు వేసుకుంటున్నారు, లేజర్ చేయించుకున్నారు. మీరు ఒక్క మాట చెబితే ఈ అర్జీలన్నీ ఆగిపోతాయి కదండీ. ఎందుకు చెప్పరు?"

ఆవిడ చేతులకు అంటిన పనసజిగురు కొబ్బరినూనెతో తుడుచుకున్నారు.

"టవర్ వల్లే అనుకుంటే మా వారు నన్ను కాపాడినట్టండి" అన్నారు. "కంటి జబ్బు అంటే, ఆయన నన్ను ఆ గదిలో పెట్టి చూపు పోగొట్టినట్టు. ఆ డాక్టరు గారి మాట ఆయనకు అర్థం కాలేదనుకున్నారా? ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒక్క దీపం ఆర్పనివ్వరు. పగలు కూడా వెలుగుతూనే ఉంటాయి. ఇంకా నేను నోటితో కూడా చెప్పాలా అండి?"

తల ఎత్తి చూశాను. నిజమే. మిట్టమధ్యాహ్నం వరండాలో దీపం వెలుగుతోంది.

అయినా మా ఉద్యోగం బుద్ధి ఊరుకోదు. "మీ సంగతి సరేనండి. రేపు ఇంకొకరికి ఇలాగే వస్తే? వాళ్లూ టవర్ అనుకుని కూర్చుంటే?"

రత్నం గారు మొదటిసారి నవ్వారు. పళ్లెం పక్కకు జరిపి నా వైపు పూర్తిగా తిరిగారు.

"అందుకు ఆ టవర్ దిగిపోవడమే మంచిదైందండి. ఇప్పుడు ఈ వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా నా దగ్గరికే వస్తారు, నాకు తెలుసని. మొన్న పక్కింటి సూరమ్మ వచ్చింది. ముందు నాదీ రేడియేషనేనేమో అంది. టవర్ తీసేశారు కదే, మరి నీకు నొప్పెందుకొచ్చింది, పద కళ్లు చూపించుకుందాం అన్నాను. ఎదురు చెప్పలేకపోయిందండి. అక్క కారు తీసింది, ముగ్గురం వెళ్లాం."